ఉప్పుకట్ట మీద అల్లుళ్ళు

ఆషాఢ బహుళ తదియ

నీటి రంగు: పచ్చగానే ఉంది, ఎరుపు ఛాయ లేదు. మెట్లెక్కిన పులసలు: లేవు. గాలానికి పడ్డవి: ఎప్పటిలాగే సున్నా.

నదిని చూసుకునే మండలివారు అడిగేది ఈ మూడు ముక్కలే. మిగతాదంతా ఎందుకు రాస్తావని చదువులయ్య రోజూ సణుగుతాడు. చదువులయ్య మనిషి కాదు. నదీ కావలివాళ్ళు రాసే దినచర్యలన్నీ చదివి మండలికి నివేదించే యంత్రం. నా రాతల పక్కన "అనవసర విషయం" అని ఎర్ర చుక్కలు పెడుతుంటాడు. పొద్దస్తమానం గోదారి వైపు చూస్తూ కూర్చునే మనిషికి మూడు ముక్కలు ఏ మూలకి సరిపోతాయి? చుక్కలు పెట్టుకుంటే పెట్టుకోనీ.

నా పేరు వరాలు. సముద్రం పైకెక్కాక ఉప్పునీళ్ళు గోదారిలోకి ఎగదన్నకుండా సర్కారు కట్టిన ఉప్పుకట్ట మీద నేను మెట్ల కావలిని. మెట్లంటే మనుషులెక్కేవి కావు. కట్ట పక్కనుంచి మెట్టు మెట్టుగా నీరు పారించే కాలువ. వరదనీటి వాసన పట్టి సముద్రంలోంచి ఏటికి ఎదురీదే పులస, ఆ మెట్లెక్కి ఎగువకు పోయి గుడ్లు పెడుతుంది. కట్ట కట్టిన కొత్తలో మెట్లు లేవు. చేపలు గోడకు తలలు బాదుకుని, చివరికి పులస అనే మాట ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలింది. మెట్లు కట్టి ఏడేళ్ళయింది. ఇప్పుడిప్పుడే నీటిచెవికి నాలుగు తోకల చప్పుడు వినిపిస్తోంది. నీటిచెవి అంటే నీళ్ళలో వేలాడుతూ ఏ చేప ఎటు పోయిందో విని చెప్పే యంత్రం.

వల వేయడం నిషేధం. పులస మీద మనసున్నవాళ్ళు మండలి దగ్గర చీటీ కొనుక్కుని సరదాకి గాలం వేసుకోవచ్చు. చీటీ ఖరీదు ఓ మంచి పట్టుచీరంత. ఆ డబ్బుతోనే మెట్లలో నీరు తోడే యంత్రాలు నడుస్తాయి, దొంగవలల మీద కాపలా పడవలు తిరుగుతాయి, నాకింత జీతం ముడుతుంది. అంతా సవ్యంగానే ఉంది కానీ, పులస గాలానికి పడదు. కంటికి ఆనని నాచు మెక్కి బతికే చేప, ఎర వైపు తిరిగైనా చూడదు. ఆ సంగతి ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఎక్కడో చలిదేశాల్లో మరేదో చేపకి రాసుకున్న నియమాలను మండలివారు చూసి దించేశారు.

అయినా చీటీలు ఏటేటా ఎక్కువే అమ్ముడవుతున్నాయంటే అది కొత్త అల్లుళ్ళ పుణ్యం. ఆషాఢంలో పెళ్ళికూతురు పుట్టింట్లో ఉంటుంది, అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. కట్టకి గడప లేదు కదా! మావగారు చీటీ కొనిస్తాడు, అల్లుడు గాలం పుచ్చుకుని కట్ట మీద కూర్చుంటాడు, మధ్యాహ్నానికి పెళ్ళాం క్యారేజీ పట్టుకొస్తుంది. ఇవాళ పొద్దున్న చూస్తే కట్ట పొడవునా గొడుగులే. గాలాలు నీళ్ళలో, చూపులు ఊరి దారి మీద. ఏడేళ్ళలో ఒక్క పులస పడిన పాపాన పోలేదు. పడిందంటే ముందు బెదిరిపోయేది గాలం పట్టుకున్నవాడే.

ఆషాఢ బహుళ షష్ఠి

నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. చేపలు లేవు.

మా పేరంటాలు పిన్ని కొత్త అల్లుడు దొరబాబు ఈ రోజు కట్ట మీదకి వేంచేశాడు. కాకినాడ వైపు కుర్రాడు, సముద్రం మీద గాలిమరలు బాగుచేసే పని. జరీ పంచె కట్టి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, గాలాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

"మరిదిగారూ, కొక్కెం నీళ్ళలో వేస్తారండి. మీరు గాలిలో పక్షులకి వేస్తున్నారు" అన్నాను.

"వదినగారూ, ఎలా వేసినా పడదంట కదండీ. మాణిక్యం చెప్పింది" అన్నాడు, దారి వైపే చూస్తూ.

మాణిక్యం అంటే మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు. అది క్యారేజీతో రాగానే మరిదిగారి గాలం నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. తెచ్చివ్వడానికి నేను పడవేసుకుని వెళ్ళాల్సి వచ్చింది. పిన్ని దూరంగా గొడుగు చాటున నిలబడింది. అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. "వరాలూ, అల్లుడుగారికి పచ్చిపులుసు నచ్చిందేమో కనుక్కోవే" అని నన్ను అడిగింది. నేను తిరిగి "నచ్చిందా అండీ?" అని అడిగాను. ఇద్దరి మధ్యా పది అడుగులు లేవు.

పిన్ని చిన్నప్పుడు అసలు సిసలు పులస తిన్న మనిషి. ఆవిడ చెబుతుంటే మాకు నోరూరుతుంది. కుండలో, చితుకుల మంట మీద, బెండకాయలు వేసి వండాలట. వండిన రోజు ముట్టుకోకూడదట. రాత్రంతా పులుసులో ఊరాక మర్నాడు తినాలట. పుస్తెలమ్మి పులస తినమన్నారు పెద్దలు. మా తరానికి పుస్తెలున్నాయి, పులసే లేదు.

ఆషాఢ బహుళ ఏకాదశి

కొంప మునిగింది.

పొద్దున్న చూస్తే నా తదియ నాటి రాత పక్కన ఎర్ర చుక్క లేదు. ఆకుపచ్చ చుక్క. "అవసరమైన విషయం" అట. ఏడేళ్ళలో ఒక్క పులస పడలేదన్న నా వేళాకోళాన్ని చదువులయ్య పట్టుకున్నాడు. కింద ఇలా ఉంది: "రుసుము చేపలు పట్టుకునే వినోదం నిమిత్తం వసూలైనది. చేప పట్టుబడే అవకాశం లేనట్టు కావలివారే ధ్రువీకరించారు. ఇవ్వని సేవకు రుసుము తీసుకోరాదు. తనిఖీదారు వచ్చుచున్నారు."

నేను ధ్రువీకరించడమేమిటి నా బొంద! నవ్వులాటకు రాశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ ఊరికే అనలేదు.

రుసుము ఆగిపోతే మెట్ల యంత్రాలు ఆగిపోతాయి, మెట్ల తలుపు దించేస్తారు. ఎర్రనీరు ఇంకా రాలేదు. ఆ నీటితోనే పులస వస్తుంది. అది వచ్చేసరికి తలుపు వేసి ఉంటే, మళ్ళీ గోడకి తలలు బాదుకోవడమే. అన్నం సహించలేదు. రెండో ముద్దకే లేచిపోయాను.

శ్రావణ శుద్ధ విదియ

తనిఖీదారు వచ్చాడు. పేరు ఓబుళేసు. అనంతపురం మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, కోపం లేదు. పడవ దిగగానే కట్ట మీద నిలబడి చాలాసేపు నీళ్ళను చూశాడు.

"ఏం మ్మా, ఈ నీళ్ళన్నీ ఊరికే సముద్రంలోకి పోతాయా?" అన్నాడు. "మా పక్క చెంబుడు నీళ్ళకి పంచాయితీలు పెట్టుకుంటాండారు."

"పోనివ్వకపోతే చేపెలా వస్తుందండీ?" అన్నాను.

ఆయన తల ఊపి విషయానికి వచ్చాడు. శ్రావణ దశమిలోగా ఎవరి గాలానికైనా ఒక్క పులస పడి, తాను కళ్ళారా చూస్తే చాలట. చేప దొరికే అవకాశం ఉందని రాసేసి వెళ్ళిపోతాడట. "నాకూ మీ మెట్లు మూయాలని లేదు మ్మా. కానీ లేనిది ఉందని రాయలేను గదా."

కట్టంతా కలకలం. ఆషాఢం వెళ్ళింది కనుక అల్లుళ్ళు అత్తారిళ్ళకి దర్జాగా పోవచ్చు. ఒక్కడు కదిలితే ఒట్టు. తవుడు ముద్దలు, మరమరాలు, అరటిపండు, ఒకాయన అయితే అత్తగారు చుట్టిన సున్నుండని కొక్కేనికి గుచ్చాడు. జెల్లలు పడ్డాయి, రొయ్యలు పడ్డాయి, ఎవరిదో చెప్పు పడింది. సున్నుండ మాత్రం ఎవరికీ కాకుండా పోయింది.

శ్రావణ శుద్ధ అష్టమి

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాస్తాను. ఇప్పుడు దాచడానికేం లేదు.

నిన్న పొద్దున్న దొరబాబు గాలం వంగింది. "పడింది! పడింది!" అని ఒకటే కేక. లాగితే వెండిలా మెరుస్తూ చేప. కట్ట మీద జనం ఈలలు వేశారు. ఓబుళేసుగారు పరిగెత్తుకొచ్చారు. చేప అప్పటికే కదలడం లేదు.

"నీళ్ళు దాటగానే ప్రాణం వదిలేస్తుందండీ, అంత సుకుమారం" అన్నాడు దొరబాబు. ఆ మాట నిజమే. కానీ నేను చేపని చేత్తో పట్టుకుని చూశాను. మంచులా చల్లగా ఉంది. గోదారి నీళ్ళు అంత చల్లగా ఎప్పుడున్నాయి? సముద్రంలో పట్టిన ఇలస అది. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గోదారి నీళ్ళు తాగి ఎదురీదితేనే పులస. మరిదిగారు కాకినాడ నుంచి మంచుపెట్టెలో తెప్పించి, తెల్లారకముందే కొక్కేనికి తగిలించి నీళ్ళలో వదిలాడన్నమాట. ఆయన నా వైపు చూశాడు. నేను మెట్ల వైపు చూశాను. నోరు కుట్టేసుకున్నాను.

చీటీ ఉన్నవాడి చేప వాడిదే కనుక, పిన్ని వండడానికి ఇంటికి పట్టుకెళ్ళింది. ఓబుళేసుగారు ముచ్చటపడ్డారు. "రుచి కూడా చూసి రాస్తా. ఇంత పేరున్న చేప గదా." వండిన రోజు తినరాదు కనుక ఇవాళ్టిదాకా ఆగారు. నివేదికంతా రాసి పెట్టుకున్నారు, సంతకం ఒకటే తరువాయి.

ఇవాళ మధ్యాహ్నం కట్ట మీదే విస్తరి వేశాం. పిన్ని కుండ మూత తీసింది. ఓబుళేసుగారు ముద్ద కలుపుకుని తిన్నారు.

"బాగుండాది," అన్నారు మర్యాదగా. "కానీ... ఇంతేనా? దీనికోసరమా పుస్తెలమ్మేది?"

నేను పిన్ని చెయ్యి పట్టుకోబోయాను. ఆలస్యమైపోయింది.

"ఇంతేనా అంటారేటండీ!" పిన్ని ముసుగూ మర్యాదా అన్నీ వదిలేసింది. "ఇది పులసయితే కదండీ బాబూ! ఉప్పునీళ్ళ ఇలసండీ ఇది! ముల్లు కదపగానే తెలిసిపోయింది నాకు. ఏట్లో నాలుగు రోజులు ఎదురీదకుండా పులసెలాగవుద్దండీ? పులస తిని ఇంతేనా అన్నోడు ఇంతవరకు పుట్టలేదు, ఆయ్!"

అని, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఓబుళేసుగారు చెయ్యి కడుక్కున్నారు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. దొరబాబు ముఖం చూడలేకపోయాను.

పిన్నిని తిట్టాలనిపించింది. కానీ ఏ నోటితో తిట్టను? నా వేళాకోళం ముందు తగలబెట్టింది, ఆవిడ రోషం ఇప్పుడు నూనె పోసింది. ఆ మాటకొస్తే, పులసని ఇంతేనా అంటే నాకూ కడుపు మండింది. నేనింతవరకు దాని రుచే ఎరగను.

శ్రావణ శుద్ధ ద్వాదశి

దశమి దాటింది, గాలానికి పులస పడలేదు. ఓబుళేసుగారు కట్ట మీద బల్ల వేశారు. చీటీ డబ్బు వెనక్కి కావలసినవాళ్ళు పూర్ణిమ పొద్దు గుంకేలోగా వచ్చి తీసుకోవచ్చు. ఒక్కరు తీసుకున్నా తప్పు జరిగినట్టే లెక్క, రుసుము రద్దు, మెట్లు మూత. ఎవ్వరూ తీసుకోకపోతే ఫిర్యాదు లేనట్టు.

అల్లుళ్ళంతా బల్లకి దూరంగా చుట్టు తిరిగి పోతున్నారు, దాన్ని ముట్టుకుంటే మైల అన్నట్టు. ఒక మావగారు బల్ల దగ్గరికెళ్ళి, "ఇంకో చీటీ ఉందాండీ? రెండో అమ్మాయికి సంబంధం కుదిరిందండి" అని అడిగాడు.

వచ్చిన చిక్కల్లా దొరబాబుతోనే. అత్తగారు అందరిలో పరువు తీసిందని అలిగాడు. మా వైపు అల్లుడు అలగడం కొత్తేమీ కాదు. ఉంగరమో వాచీయో ఇస్తే దిగి వస్తాడు. ఈయన అలక అలాంటిది కాదు. తన పడవలో కూర్చుని అన్నం తినడు, పెళ్ళాంతో మాట్లాడడు. పిన్ని కొత్త పడవ ఇంజను ఇస్తానని నా చేత కబురంపింది.

"నాకేం వద్దు వదినగారూ. ఊరి కోసం చేశాను, ఊళ్ళోనే దొంగనయ్యాను. నా చీటీ డబ్బు నాకిప్పించేస్తే మా ఊరు పోతాను" అన్నాడు.

"ఆ డబ్బు తీసుకుంటే మెట్లు మూసేస్తారండీ మరిదిగారూ."

"మూసుకోనివ్వండి. ఆ మెట్లెక్కే చేపని నేనెప్పుడన్నా చూశానా? మీరన్నా చూశారా? ఎవరో విన్నారంట. ఎవరో తిన్నారంట."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే. మెట్ల కింద ఉన్న అద్దాల గదిలోకి కావలి మనిషి తప్ప ఎవరూ రాకూడదని నియమం. ఏడేళ్ళుగా వీళ్ళు డబ్బు కడుతున్నది చెవితో విన్న చేపకి. చూసే హక్కు ఒక్క నాకే ఉంది, చూశాను కూడా. ఆ గదిలో కూర్చుని నేను ఎన్నిసార్లు ఒంటరిగా నవ్వుకున్నానో, ఒక్కసారి కూడా ఎవరినీ పిలవలేదు.

శ్రావణ పూర్ణిమ

నీటి రంగు: ఎరుపు! పొద్దున్న ఎగువ కొసన గీతలా కనిపించింది, మధ్యాహ్నానికి కట్ట దాకా వచ్చేసింది. ఇటుకపొడి కలిపినట్టు గోదారి. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అదే సమయానికి దొరబాబు పడవ దిగి, చేతిలో చీటీతో బల్ల వైపు నడిచి వస్తున్నాడు. వెనకాల మాణిక్యం ఏడుపు ముఖంతో, దాని వెనక పిన్ని.

అడ్డం వెళ్ళి నిలబడ్డాను. "మరిదిగారూ, పొద్దు గుంకడానికి ఇంకా టైముంది. అలిగిన అల్లుడికి ఏదో ఒకటి ఇవ్వకుండా పంపితే మా ఇంటికి మర్యాద కాదు. పిన్ని ఇచ్చింది వద్దన్నారు. నేనిచ్చేది చూసి పోండి."

అద్దాల గది తలుపు తీసి, నా స్టూలు మీద ఆయన్ని కూర్చోబెట్టాను. నియమం తప్పాను. చదువులయ్యా, రాసుకో.

అద్దం నిండా ఎర్రటి నీళ్ళు. ఏమీ కనబడలేదు. నీటిచెవిలో వరద హోరు తప్ప చప్పుడు లేదు. దొరబాబు చేతిలో చీటీ తిప్పుతూ కూర్చున్నాడు. నేను మనసులో గోదారి తల్లికి మొక్కని మొక్కు లేదు. ఆయన లేచాడు. "వస్తాను వదినగారూ" అని తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నీటిచెవిలో టప్పుమంది. అద్దానికి ఆనుకుని ఒక వెండి ఒళ్ళు! మూరెడు చేప. నీరు దాన్ని కిందికి తోస్తోంది, అది తోక ఆడిస్తూ అక్కడే నిలబడింది. నోరు తెరిచి, మూసి, ఒళ్ళంతా విల్లులా వంచి పై మెట్టుకి ఎగిరింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక రెండు. ఒకటి ఎగరలేక కిందికి జారింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జారింది.

"ఎక్కవే! ఎక్కవే తల్లీ!" దొరబాబు రెండు చేతులూ అద్దానికి ఆనించి అరుస్తున్నాడు. మూడోసారి అది ఎక్కింది. ఆయన గెంతిన గెంతుకి స్టూలు పడిపోయింది. "మాణిక్యం! అత్తయ్యగారూ! రండి! వచ్చేయండి!"

ఇంకేముంది, కట్ట మీదున్న జనమంతా లోపలికి. ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు చూశారు. పిన్ని అద్దం దగ్గరే నిలబడిపోయింది. చిన్నప్పుడు విస్తరిలో చూసిన చేపని ప్రాణంతో చూడడం ఆవిడకి ఇదే మొదలట. కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత అందంగా ఉన్నావే" అంది. వండుకోవాలన్న మాట ఎత్తనేలేదు.

ఓబుళేసుగారు, "ఇంతమంది లోపలికి రాకూడదు మ్మా, నియమం..." అంటూ వచ్చి, అద్దం చూసి ఆగిపోయారు. చెప్పులు విడిచి గోడ వారగా నిలుచున్నారు. కాసేపటికి పని గుర్తొచ్చి దొరబాబు భుజం తట్టారు.

"అయ్యా, ఇంకా పొద్దుండాది. డబ్బు తీసుకుంటావా?"

"ఆగండి సార్," దొరబాబు వెనక్కి తిరగలేదు. "లెక్క తప్పిపోద్ది."

ఓబుళేసుగారు ఆగారు. అందరం ఆగాం. ఆయన వేళ్ళు మడుస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెడుతూనే ఉన్నాడు. బయట బల్ల దగ్గర ఎవరూ లేరు. పొద్దు కూకింది. ఓబుళేసుగారు గుమ్మంలోంచి ఆకాశం వంక చూసి, జేబులోంచి కాగితం తీసి, "ఎవరూ రాలేదు" అని రాసి సంతకం పెట్టారు. సంతకం పెట్టి, మళ్ళీ వచ్చి గోడ వారగా నిలుచున్నారు.

చీకటి పడి ఏమీ కనబడని దాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు పిన్ని తలుపు చాటుకి జరిగి, కొంగు సర్దుకుని, "వరాలూ, అల్లుడుగారి అలక తీరిందేమో కనుక్కోవే" అంది.

"తీరిందా అండీ?" అని అడిగాను.

"తీరలేదని చెప్పండి వదినగారూ. వచ్చే ఏడు కూడా చీటీ కొనిస్తే, అప్పుడు చూస్తానని చెప్పండి."

అత్తగారి నవ్వు తలుపు చాటునుంచి ఎంత గట్టిగా వినిపించిందంటే, ఈ సారికి చేరవేసే పని నాకు తప్పింది.

శ్రావణ బహుళ పాడ్యమి

నీటి రంగు: ఎరుపు. మెట్ల తలుపు: తెరిచే ఉంది.

పొద్దున్న చదువులయ్య అడిగాడు, అద్దాల గదిలోకి ఇతరులను ఎందుకు అనుమతించారని. చీటీ కొన్నవాళ్ళకి చూపించడానికని రాశాను. చాలాసేపు ఏ చుక్కా పెట్టలేదు. తర్వాత, ఇకపై చీటీదారులు అద్దాల గది చూడవచ్చునని మండలి ఉత్తర్వు వచ్చింది. అది ఓబుళేసుగారి సిఫారసట. ఆయన ఇవాళ సెలవు పెట్టి, సొంత డబ్బుతో చీటీ కొని, దొరబాబు పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నారు.

"పడదండీ అది. తెలుసు కదా" అన్నాను.

"తెల్సు మ్మా. ఊరికే కూర్చున్నా" అన్నారు. గాలాన్ని మాత్రం తలకిందులుగా పట్టుకున్నారు. దొరబాబు దాన్ని సరిచేసి, కొక్కెం నీళ్ళలో ఎలా వెయ్యాలో పెద్దమనిషిలా నేర్పించాడు.

గాలానికి పడ్డవి: సున్నా.

మెట్లెక్కిన పులసలు: నీటిచెవి లెక్క ఒకటి, దొరబాబు లెక్క ఒకటి. జారిపడి మళ్ళీ ఎక్కిన ప్రతిదాన్నీ మరిదిగారు కొత్తగా లెక్కపెట్టాడు కాబట్టి ఆయనది బాగా ఎక్కువ. నిన్ననే అలక తీరిన అల్లుడు. ఆయన లెక్కే రాస్తున్నాను.